గోత్రం చాలదు

మా నాయనమ్మ తద్దినం నాడు జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. నాన్న పీట మీద కూర్చుని ఉన్నారు. పురోహితుడుగారు పిండప్రదానానికి మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు అడిగారు. తల్లి పేరు నాన్న వెంటనే చెప్పారు. తల్లికి అత్తగారి పేరు కాస్త తడుముకుని చెప్పారు. మూడో పేరు దగ్గర ఆగిపోయారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు చూశారు. అమ్మకీ తెలియదు. గారెలు వేస్తున్న పెద్దమ్మకీ తెలియదు. "ఫరవాలేదండీ, గోత్రం తెలుసు కదా, చాలు" అని పురోహితుడుగారు మంత్రం అందుకున్నారు. మూడో పిండం విస్తట్లోకి చేరింది. పేరు లేని ఆ ముద్దకీ మిగతా రెండింటితోపాటే నువ్వులూ నీళ్ళూ వదిలారు.

సాహిత్యంలో పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నదాన్ని, పాత పత్రికల్లో పేరు తెలియని రచయిత్రుల కోసం ఏళ్ళ తరబడి వెతికినదాన్ని, మా ఇంట్లోనే ఒకావిడ పేరు ఇలా జారిపోయిందని ఆ రోజు దాకా నాకు తెలియదు. భోజనాలయ్యాక ఆ మూడు పిండాల గురించి ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. తల్లి, తల్లికి అత్తగారు, ఆ అత్తగారికి అత్తగారు. ఈ ముగ్గురిలో ఎవరూ ఎవరికీ పుట్టలేదు. ముగ్గురూ వేరే వేరే ఇళ్ళలో పుట్టి, పెళ్ళితో ఆ ఇంటి గోత్రం పోగొట్టుకుని ఇక్కడికి వచ్చినవాళ్ళు. ఆడవాళ్ళ వంశం అనుకుంటూ మనం మొక్కుతున్నది తల్లుల వరసకి కాదు, అత్తల వరసకి. నాయనమ్మను కన్నతల్లి పేరు ఆ రోజు ఎవరి నోటా రాలేదు. ఎవరికీ ఆ లోటు తెలియనూ లేదు.

పూర్వీకుల పట్ల మన సంబంధం ఏమిటి, రాబోయే వాళ్ళకు మనం ఏం అప్పజెప్పాలి అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ మూడో పిండం గుర్తొస్తోంది. మనిషి మూడు ఋణాలతో పుడతాడంటారు. దేవఋణం యజ్ఞంతో, ఋషిఋణం అధ్యయనంతో, పితృఋణం సంతానంతో తీరతాయట. ఈ లెక్క రాసిన వాళ్ళ మనసులో ఆడమనిషి ఋణగ్రస్తురాలిగా లేదు. ఆమె మగవాడి మూడో అప్పు తీర్చే సాధనం మాత్రమే. మనం చదవడం, రాయడం మొదలుపెట్టాక ఆ రెండో అప్పు, అధ్యయనంతో తీరే అప్పు, మన మీదా పడింది. ఎవరికి బాకీ ఉన్నామో తెలియకుండా అప్పు ఎలా తీరుస్తాం? స్త్రీవాద సాహిత్య విమర్శ ఇన్నేళ్ళుగా చేస్తున్న పనిలో సగం ఈ బాకీదారుల చిట్టా రాసుకోవడమే. ఆ చిట్టాలో మనం ఏం రాశాం, ఏం కొట్టేశాం అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

*

మన చిట్టాలో అందరికీ తెలిసిన పద్దు ముద్దుపళనిది. 18వ శతాబ్దంలో, తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె రాసిన 'రాధికాసాంత్వనము' మీద నిషేధం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. నిషేధానికి ముందు జరిగిన ఇంకో పని గురించి తక్కువ మాట్లాడుకున్నాం.

కావ్యం మొదట్లో కవి తన వంశం చెప్పుకోవడం మన సంప్రదాయం. తాత, తండ్రి, గురువు, వాళ్ళ పాండిత్యం, వాళ్ళ గోత్రం, సూత్రం, శాఖ అన్నీ వస్తాయి. ముద్దుపళని కూడా అవతారిక రాసింది. అందులో తన ముందు తరాల ఆడవాళ్ళని పేరు పెట్టి తలుచుకుంది. తమ ఇంటి పెద్దావిడ తంజనాయకి విద్యను, వైభవాన్ని గొప్పగా చెప్పుకుంది. దేవదాసీ సమాజంలో ఇల్లు ఆడవాళ్ళ పేరు మీద నడిచేది కాబట్టి ఆమెకిది వింత కాదు. తెలుగు కావ్యాలు చదివే మనకు మాత్రం వింతే. తాతతండ్రుల పేర్లు బారులు తీరి నిలబడే చోట ఆడవాళ్ళు నిలబడ్డారు. నేను ఎవరి ద్వారా కవినయ్యానో చెబుతున్నాను వినండి అని ఒక ఆడమనిషి చెప్పుకున్న చోటు అది.

1887లో పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చు వేయించారు. ఆయన బ్రౌన్ దొర దగ్గర పనిచేసిన పండితుడు. ఆ ప్రతిలో కొన్ని పద్యాలు లేవు. అవతారిక లేదు, ఆశ్వాసాంత గద్యలు లేవు. శృంగారం మరీ ఎక్కువైందనిపించి పద్యాలు తీసేశారంటే, మనం ఒప్పుకోకపోయినా, ఆ కాలపు మనసు అర్థమవుతుంది. అవతారికలో ఏం అశ్లీలం ఉంది? నాయనమ్మలు, తల్లులు, అత్తలు ఉన్నారు, అంతే. కవయిత్రి తన పేరు, తన వాళ్ళ పేర్లు చెప్పుకునే చోట్లే కత్తెర పడింది. కావ్యం మిగిలింది, దాన్ని కన్నవాళ్ళు పోయారు. పురోహితుడుగారి మాట లాంటిదే ఇదీ. రచన తెలుసు కదా, చాలు.

బెంగుళూరు నాగరత్నమ్మకు అది చాలలేదు. అచ్చుపుస్తకం చదివి, అది అసలు కావ్యం కాదని గ్రహించి, రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. ఎందుకు పూనుకున్నదో పీఠికలో చెప్పుకుంది. ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించే కావ్యమిది, దీన్ని రాసింది స్త్రీ, పైగా తమ కులంలో పుట్టిన స్త్రీ అన్నది ఆమె చెప్పిన కారణాల సారం. ఇద్దరికీ మధ్య నూటయాభై ఏళ్ళ దూరం. రక్తసంబంధం ఏదీ చెప్పుకోలేదు. ముద్దుపళనిని నాగరత్నమ్మ తన పూర్వీకురాలిగా ఎంచుకుంది. ఎంచుకున్నాక ఆమె ఇంటి ఆడవాళ్ళనందరినీ కూడా వెనక్కి తెచ్చింది. పూర్వీకులు పుట్టుకతో వస్తారని మనం అనుకుంటాం. కొందరిని వెతికి తెచ్చుకోవాలి.

తర్వాతి కథ తెలిసిందే. అప్పటికే వీరేశలింగం పంతులు తన కవుల చరిత్రలో ముద్దుపళని కవిత్వం ఆడవాళ్ళ నోట రాదగింది కాదన్నారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ నిలదీసింది. ఆయన మెచ్చిన మగకవుల కావ్యాల్లో ఇంతకంటే పచ్చి వర్ణనలు ఉన్నాయని ఎత్తిచూపింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి ప్రతులు స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో, 1947లో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు. ఆ ఏడే నాగరత్నమ్మ పోయింది. ఒక పూర్వీకురాలిని తర్వాతి తరానికి అప్పజెప్పడానికి ఒక మనిషి జీవితంలో సగానికి పైగా పట్టింది.

*

ఈ నిషేధం, పోరాటం మన నోళ్ళలో ఎంత నానాయో, కావ్యం అంత నానలేదు. ముద్దుపళని గురించి రాసిన వ్యాసాల్లో చాలావాటికి, నా పాత వ్యాసంతో సహా, శృంగారాన్ని స్త్రీ తన నోటితో చెప్పడం ఒక్కటే కనిపించింది. అది నిజమే. కానీ తరాల సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఆ కావ్యంలో ఇంకొకటి కనిపిస్తుంది.

రాధ ఇలాదేవిని పెంచి పెద్దచేస్తుంది. తాను ప్రేమించిన కృష్ణుడికే ఇచ్చి పెళ్ళి చేస్తుంది. ఆ పిల్లకి భర్తతో ఎలా మెలగాలో చెబుతుంది, అతనికి ఆ పిల్లతో సున్నితంగా ఉండమని చెబుతుంది. తనకు తెలిసిందంతా తర్వాతి ఆమెకు అప్పజెబుతుంది. ఆ తర్వాత మాత్రం తట్టుకోలేకపోతుంది. ఏడుస్తుంది, మండిపడుతుంది, కృష్ణుడు వచ్చి ఆమెను బుజ్జగించాల్సి వస్తుంది. కావ్యం పేరే ఆ బుజ్జగింపు మీద పెట్టారు. విద్యను తర్వాతి తరానికి అందించిన పెద్ద ఆడదానికి కూడా ఆకలి ఉంటుంది, అసూయ ఉంటుంది, తన చోటు తనకు కావాలని ఉంటుంది అని ఒప్పుకున్న కావ్యం ఇది.

మనకు త్యాగమూర్తి అయిన తల్లి బాగా అలవాటు. తర్వాతి తరాల కోసం కరిగిపోయే కొవ్వొత్తి మన పాఠ్యపుస్తకాల నిండా ఉంది. భావితరాల పట్ల బాధ్యత అనే మాట వినగానే నాకు కొంచెం భయం వేస్తుంది కూడా. ఆ మాట మగవాళ్ళ నోట్లో చాలాసార్లు ఆడవాళ్ళ గర్భం గురించిన మాటే అయింది. ముద్దుపళని రాధ అలా కరిగిపోదు. ఇస్తుంది, ఇచ్చాక కోపగించుకుంటుంది, ఆ కోపానికి జవాబు రాబట్టుకుంటుంది. రాబోయే వాళ్ళకు ఇవ్వడమంటే మనం లేకుండా పోవడం కాదని నేను నేర్చుకున్నది ఈ కావ్యంలోనే. ఆ అవతారికను, ఈ కథను పక్కపక్కన పెట్టి చదవండి. ముందు తన పెద్దావిడకి దండం పెట్టుకున్న కవయిత్రి, కథలో ఒక పెద్దావిడ నొప్పి రాసింది. కత్తెర వేసిన ప్రతిలో ఈ రెంటి మధ్య తీగ తెగిపోయింది.

*

రెండో పద్దు భండారు అచ్చమాంబది. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. పదేళ్ళకే పెళ్ళి. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తోడుగా నేర్చుకుంది. పుట్టిన ఇద్దరు పిల్లలూ పోయారు. 1905లో తానూ పోయింది. ముప్పై ఏళ్ళ ఆ జీవితంలో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, కథలు రాసింది, 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించడంలో పాలుపంచుకుంది, ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చింది.

పితృఋణం సంతానంతోనే తీరుతుందన్న లెక్క ప్రకారం అచ్చమాంబ అప్పు తీరకుండానే పోయింది. ఆమె మాత్రం ఇంకో ఖాతా తెరిచింది. ఆడవాళ్ళు అబలలు, బుద్ధిహీనులు, చదివిస్తే చెడిపోతారు అనే మాటలకు జవాబుగా, దేశంలోని పలు ప్రాంతాల చారిత్రక స్త్రీల జీవితాలను పోగు చేసింది. మొదటి భాగం వీరేశలింగం గారి 'చింతామణి' ద్వారా 1901లో వెలుగు చూసింది. వేదపురాణ కాలపు స్త్రీల గురించి, విదేశీ స్త్రీల గురించి తర్వాతి భాగాలు రాయాలనుకుంది. అవి పూర్తి కాలేదు. ముద్దుపళనిని తప్పుపట్టిన పంతులుగారే అచ్చమాంబను అచ్చువేశారు. ఏ పూర్వీకురాలు గౌరవనీయురాలో, ఎవరు కారో నిర్ణయించే తక్కెడ ఎవరి చేతిలో ఉందో దీన్నిబట్టి తెలుస్తోంది.

అచ్చమాంబ పేరు ఇప్పుడు మనం ఎక్కువగా వింటున్నది 'తొలి తెలుగు కథ' వివాదంలో. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' కంటే ముందే, 1902లోనే, ఆమె 'ధనత్రయోదశి', 'స్త్రీవిద్య' కథలు అచ్చయ్యాయి. ఈ వాదన ఎత్తడం అవసరమే. కొండవీటి సత్యవతి వంటి వాళ్ళు ఆ పని పూనుకుని చేయకపోతే ఆ పేరు పాఠ్యప్రణాళికల అంచుకైనా చేరేది కాదు. అయినా నాకొక అనుమానం ఉంది. 'తొలి' అనే మాటకు మనం ఇంత ఎందుకు పట్టుబడుతున్నాం? వంశవృక్షానికి మొదట్లో ఒక మూలపురుషుడు ఉండాలి, అతని నుంచే అందరూ పుట్టాలి అన్న ఊహ గోత్రాలది. ఆ కుర్చీలో మగవాడికి బదులు ఆడదాన్ని కూర్చోబెడితే కుర్చీ మారదు. రేపు 1902కి ముందటి ఇంకో కథ, ఇంకెవరో రాసింది దొరకవచ్చు. అప్పుడు అచ్చమాంబ చిన్నదైపోతుందా?

ఆమె గొప్ప 'రత్నమాల' కట్టిన పద్ధతిలో ఉంది. అందులో ఒకావిడ నుంచి ఇంకొకావిడ పుట్టలేదు. భాషలు వేరు, రాజ్యాలు వేరు, కాలాలు వేరు. దండలో పూసల్లా పక్కపక్కన నిలబడ్డారు. చదివే ఆడపిల్ల ఎవరిని కావాలంటే వాళ్ళని పూర్వీకురాలిగా ఎంచుకోవచ్చు. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ 1950లలో 'ఆంధ్ర కవయిత్రులు' కూర్చినప్పుడు, 1990లలో సూసీ తారూ, కె. లలిత రెండు సంపుటాల్లో భారతీయ స్త్రీల రచనలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, ఆ దండే పొడుగవుతూ వచ్చింది.

అచ్చమాంబను చదివేటప్పుడు ఒక ఇబ్బంది కూడా ఉంది. పాతివ్రత్యాన్ని ఆకాశానికెత్తే పుటలు ఆ పుస్తకంలో ఉన్నాయి. 'ధనత్రయోదశి'లో కూడా, భర్త దొంగతనానికి లోనుకాకుండా కాపాడేది పేదరికంలోనూ నీతి తప్పని ఇల్లాలు. ఈ చోట్లను మనం గబగబా దాటేస్తాం. ఆమె కాలం అలాంటిది అంటాం, లేదా అసలు చెప్పం. పూర్వీకురాలు దొరికిన సంతోషంలో ఆమెను మనకు నచ్చినట్టు దిద్దుకుంటాం. ఇది విమర్శ కాదు, తద్దినపు మర్యాద. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్నది పీటల మీద కూర్చున్నవాళ్ళకు నియమం కావచ్చు. పరిశోధకురాలికి కాదు.

*

ఈ మాట ఇంత గట్టిగా రాస్తున్నానంటే కారణం నేనే. నేనూ కత్తెర పట్టాను.

మా నాయనమ్మకు పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటి ఉండేది. పాల లెక్క, చాకలి పద్దు, ఎవరి పెళ్ళికి ఏం చదివించారో, వాటి మధ్య పెన్సిలుతో పాటలు. కొన్ని విన్న పాటలు, కొన్ని ఆవిడ కట్టినవి. అప్పగింతల పాటలు, మంగళహారతులు, చచ్చిపోయిన బిడ్డ మీద కట్టుకున్న ఒక పాట. నా సిద్ధాంతగ్రంథంలో స్త్రీల పాటల మీద ఉన్న అధ్యాయంలో ఆ పుస్తకం నుంచి నాలుగు పాటలు ఉదహరించాను. మౌఖిక పరీక్షలో అందరూ మెచ్చుకున్నది ఆ నాలుగు పాటలనే. అచ్చుకెక్కని గృహిణి గొంతు అన్నారు. నాకు గర్వంగా అనిపించింది.

ఐదో పాట ఉంది. దొడ్డి ఊడ్చి, పేడ ఎత్తడానికి వచ్చే మనిషి మీద కట్టిన వేళాకోళం పాట. ఆమె నడక, ఆమె మాట, ఆమె అన్నం అడిగే తీరు, ఆమె కులం, అన్నీ నవ్వులాటకు వస్తాయి. లయ చక్కగా ఉంటుంది. మిగతా పాటల కంటే బాగా కుదిరిన పాట అదేనేమో కూడా. నేను దాన్ని ఉదహరించలేదు. ఉన్నదని కూడా చెప్పలేదు. నాకొక పూర్వీకురాలు కావాలి. అణగారిన, పాటలు కట్టిన, నొప్పి తెలిసిన పూర్వీకురాలు. అణగదొక్కిన పూర్వీకురాలు నాకు పనికిరాలేదు. వెంకటనరసు గారు ముద్దుపళనికి చేసింది నేను మా నాయనమ్మకు చేశాను, ప్రేమతో చేశాను. కత్తెర ప్రేమతో పట్టినా కత్తెరే.

మన పూర్వీకురాళ్ళు అని బహువచనంలో మాట్లాడేటప్పుడు ఆ 'మన'లో ఎవరు ఉన్నారు అని 1990ల నుంచి దళిత రచయిత్రులు అడుగుతూనే ఉన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చింది. మనం అచ్చమాంబ, ముద్దుపళని అంటున్న ఇన్నాళ్ళూ వీళ్ళు ఎక్కడున్నారని ఆ పుస్తకం అడక్కుండానే అడిగింది. అంతకుముందు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను టేపుల మీద నుంచి కాగితం మీదకు తెచ్చింది. కాగితం దగ్గరకు రాని వాళ్ళ దగ్గరకు కాగితం వెళ్ళాలన్నది ఆ పుస్తకం నేర్పిన పాఠం. మా ఇంటి మూడో పిండానికి పేరు లేదని నేను బాధపడ్డాను. ఆ దొడ్డి ఊడ్చిన ఆమెకు మా ఇంట్లో పిండమూ లేదు, పేరూ లేదు, అడిగే పురోహితుడూ లేడు అనుకున్నాను.

*

రెండేళ్ళ క్రితం ఒక పరిశోధక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. అగ్రవర్ణ స్త్రీల పాటల్లో శ్రమచేసే స్త్రీలు ఎలా కనిపిస్తారన్నది ఆమె అంశం. దళిత కుటుంబంలో మొదటిసారి విశ్వవిద్యాలయానికి వచ్చిన పిల్ల. నా సిద్ధాంతగ్రంథం చదివి వచ్చింది. "మేడమ్, ఆ పద్దుల పుస్తకంలో మా వాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?" అని అడిగింది. చూసి చెబుతానన్నాను. ఐదు నెలలు చూడలేదు. ఊళ్ళో ఉందన్నాను, దొరకలేదన్నాను. పుస్తకం నా బీరువాలోనే ఉంది.

ఆ ఐదు నెలల్లో నేను వోల్గా 'విముక్త' మళ్ళీ చదివాను. పాఠం చెప్పడానికి చదివాను, వేరే ఉద్దేశం లేదు. 2010లో వచ్చిన ఆ సంపుటిలో 'సమాగమం' కథ మనందరికీ తెలుసు. లవకుశులు అడవిలో ఒక తోట చూసి వచ్చి తల్లికి చెబుతారు. ఆ తోట పెంచిన ఆమె రూపం గురించి పిల్లల మాటల్లో వెక్కిరింపు ఉంటుంది. సీత ఆమెను వెతుక్కుంటూ వెళ్తుంది. ఆమె శూర్పణఖ. ముక్కూ చెవులూ పోగొట్టుకుని, ఆ కోపం దాటి, తోట పెంచుకుంటున్న శూర్పణఖ. నేను ఎప్పుడూ ఆ కథను సీతాశూర్పణఖల స్నేహంగానే చదివాను, చెప్పాను. ఈసారి నా కళ్ళు పిల్లల మీద ఆగాయి. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య దారి చూపింది పిల్లలే. తమ ఇంటివాళ్ళు ఒకప్పుడు ఆమెకు ఏం చేశారో వాళ్ళకు తెలియదు. ఆ తెలియనితనంలోనే వెక్కిరింపు కూడా వారసత్వంగా వచ్చేస్తుంది. సీత తన పిల్లలకు ఇవ్వాల్సింది ఆ కథ పూర్తిగా. పెద్దవాళ్ళ తప్పును దాచిపెట్టిన కొద్దీ అది పిల్లల నోట్లో అమాయకంగా తిరిగి మొలుస్తుంది. మా నాయనమ్మ వేళాకోళం నేను దాచినంత మాత్రాన పోలేదు. దాన్ని చూడవలసిన వాళ్ళకు మాత్రమే అందకుండా పోయింది.

పుస్తకం మొత్తం జిరాక్సు తీయించి ఆ అమ్మాయికి ఇచ్చాను. ఐదో పాట ఉన్న పుట మడత పెట్టలేదు, విడిగా చూపించలేదు. తనే కనుక్కోవాలనుకున్నాను. నిజానికి చూపించే ధైర్యం లేదు.

వారం తర్వాత వచ్చింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కోపం ఉంది, దాచుకోలేదు. ఆ పాట గురించి తను ఏమనుకుంటోందో నాలుగు మాటల్లో చెప్పింది. నేను ఏమీ అనలేదు. లేవబోతూ, "కానీ ఇందులో ఆమె పేరు ఉంది మేడమ్" అంది.

ఉంది. ప్రతి చరణం చివరా పిలుపుగా వస్తుంది. కులం పేరు తోక తగిలించి, హేళనగా సాగదీసి పిలిచిన పేరు. నేను ఆ పాట ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నాకు అక్కడ మా నాయనమ్మ తప్పు కనిపించింది, నా సిగ్గు కనిపించింది. ఒక మనిషి పేరు కనిపించలేదు. మా ఇంట్లో మూడో పిండానికి లేని పేరు, దొడ్డి ఊడ్చిన మనిషికి ఉంది. మా ఇంటి పరువు కాపాడుకోవడానికి నేను కొట్టేసింది, బహుశా ఆమె పేరు కాగితం మీద ఉన్న ఒకే ఒక్క చోటు.

*

భావితరాల పట్ల బాధ్యత గురించి పెద్ద మాటలు నాకు రావు. పని గురించి రెండు మూడు మాటలు చెప్పగలను.

1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో మొదలైన 'గృహలక్ష్మి' వంటి పత్రికల పాత సంచికలు చేతుల్లో పొడిపొడిగా రాలుతుంటాయి. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో వేలకొద్దీ పుస్తకాలు నీట మునగడం మన తరం చూసింది. మన ఇళ్ళలో పద్దుల పుస్తకాలు, ఉత్తరాలు, పాటల నోట్సులు ఏ వరదా అక్కర్లేకుండానే, ఇల్లు మారినప్పుడు, పాత కాగితాలవాడి తక్కెడలోకి పోతున్నాయి. దొరికినదాన్ని ప్రతి తీయించడం, ఒకటి కంటే ఎక్కువ చోట్ల దాచడం మన పని. అది చిన్న పని కాదు.

దానికంటే కష్టమైనది పూర్తిగా దాచడం. మనకు నచ్చిన నాలుగు పాటలతోపాటు నచ్చని ఐదో పాటనూ ఉంచడం. మనకు ఏది విలువైనదో అన్నదానితో సరిపెట్టుకుంటే రాబోయే వాళ్ళకు మన అద్దమే మిగులుతుంది. వాళ్ళు ఏం వెతుక్కుంటూ వస్తారో మనకు తెలియదు. వెంకటనరసు గారికి నాగరత్నమ్మ వస్తుందని తెలియదు. నాకు ఆ అమ్మాయి వస్తుందని తెలియదు. నాగరత్నమ్మ అదృష్టం, ఆమెకు రాతప్రతి దొరికింది. అందరికీ దొరకదు.

ఇక మూడోది, చేతి నుంచి వదలడం. ఇచ్చాక రాధకు కోపం వచ్చినట్టు నాకూ వచ్చింది. మా నాయనమ్మ గురించి, మా ఇంటి గురించి ఇంకొకరు రాయబోతున్నారంటే లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఆ ముల్లు ఉందని ఒప్పుకుంటున్నాను. బుజ్జగించడానికి ఎవరూ రారు, రానక్కర్లేదు.

మొన్న తద్దినానికి మళ్ళీ పేర్లు అడిగినప్పుడు నాన్న మూడో పేరు దగ్గర మళ్ళీ ఆగారు. నేను ఈ మధ్య నాయనమ్మ పుట్టింటి వైపు వాళ్ళను, పాత దస్తావేజులను, అందినదల్లా అడిగి చూశాను. ఆ ముసలావిడ పేరు దొరకలేదు. దొరక్కపోవచ్చు. దొడ్డి ఊడ్చిన ఆమె పేరు మాత్రం నాకు తెలుసు. దాన్ని ఇక్కడ రాయడం లేదు. ఆ అమ్మాయి తన సిద్ధాంతగ్రంథంలో, హేళన తోక తీసేసి, మొదటిసారి ఆమె పేరు ఆమెకు ఉన్నట్టుగా రాస్తోంది. ఆ వాక్యం ఆమెదే కావాలి. అది అచ్చయిన రోజు, మా నాయనమ్మ గురించి అందులో ఏం రాసి ఉన్నా సరే, ఆ పుస్తకం కొని నా బీరువాలో పద్దుల పుస్తకం పక్కన పెట్టుకుంటాను.